పది మూరల దూరం: మా ఇంటి గుర్రం, గుగ్గిళ్ళ గంప

మా ఇంట్లో ఉలవ గుగ్గిళ్ళు ఎవరి చేతికీ పెట్టరు. గిన్నెలోనో ఆకులోనో పోసి నేల మీద పెడతారు. పెట్టినవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేస్తారు. ఆ తరువాతే పిల్లలు తీసుకోవాల. కొత్తగా వచ్చిన కోడళ్ళు ఇది చూసి మొదట్లో నవ్వుతారు, నాలుగు నెలలకు వాళ్ళకూ అదే అలవాటవుతుంది. శనగలు చేతికి పెట్టొచ్చు, అటుకులు పెట్టొచ్చు, ఒక్క ఉలవలకే ఈ నియమం. ఎందుకని అడిగితే "మన ఇంటి ఆనవాయితీ" అనే మాట తప్ప ఇంకో జవాబు మాకు ఎప్పుడూ దొరకలేదు.

జవాబు పోయిన దీపావళికి దొరికింది. మా ఇంటి అబ్బాయి ఒకడు బెంగళూరు దాటి కొంత తోట కొని, అందులో రెండు గుర్రాలు పెట్టుకున్నాడు. అందులో ఒకటి దాణా గంప కనబడితే చాలు, చెవులు వెనక్కి అణిచి మీదికి వస్తుందంట. పండుగకు అందరం హోసూరులో కూడినప్పుడు వాడు ఈ సంగతి చెప్పి, "ఏడేళ్ళ పాప ఉండాది ఇంట్లో, ఏం చెయ్యాలో తెలీడం లేదు" అన్నాడు. మూల మంచం మీద పడుకున్న చిన్నవ్వ, అంటే మా తాత చెల్లెలు, లేచి కూర్చుంది. ఎనభై దాటిన మనిషి. "పాపను గంప దగ్గరికి పంపద్దు రా అబ్బోడా. మన ఇంట్లో ఒకసారి అయిపోయినాది అది" అనింది.

ఆమె ఆ రాత్రి చెప్పిన కథను, దాని వెనక ఉన్న చరిత్రను కలిపి ఇక్కడ రాస్తున్నాం. మా పిల్లలకు ఇది తెలియాల. గుర్రాన్ని సాకేవాళ్ళు ఇంకెవరైనా చదివితే వాళ్ళకూ పనికొస్తుంది.

మొరసునాట గుర్రాలు

మేముండే ఈ సీమను పాతకాలంలో మొరసునాడు అనేవాళ్ళు. హోసూరు, కోలారు, బెంగళూరు చుట్టుపక్కల నేల ఇది. ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడం, కచేరిలో తమిళం మాకు కొత్త కాదు. 1956లో రాష్ట్రాలు విడిపోయినప్పుడు హోసూరు మద్రాసు రాష్ట్రంలోనే నిలిచింది. అప్పుడు సేలం జిల్లా, 1965 నుంచి ధర్మపురి, 2004 నుంచి కృష్ణగిరి. జిల్లాలు మారినా ఇంటి మాట మారలేదు.

హోసూరు పక్కన మత్తిగిరి ఉంది. అక్కడి పశువుల ఫారం గురించి ఇక్కడ తెలియనివాళ్ళు లేరు. ఇప్పుడు అది తమిళనాడు పశుసంవర్ధక శాఖ చేతిలో ఉంది, కానీ మొదలుపెట్టింది గుర్రాల కోసం. 1824లో ఈస్టిండియా కంపెనీవాళ్ళు పటాలానికి గుర్రాలను పెంచి తయారుచేయడానికి దీన్ని ఏర్పరిచారు. 1,600 ఎకరాల పైచిలుకు నేల, చల్లటి గాలి, గరిక బాగా పండే మైదానం. పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాసు పటాలానికి గుర్రాలు అరబ్బు, పారసీక దేశాల నుంచి వచ్చేవి. తరువాత తరువాత ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో దిగేవి. అక్కడి న్యూ సౌత్ వేల్స్ పేరు మీదనే వాటికి "వేలర్" అనే పేరు వచ్చింది. పెద్ద మైదానాల్లో తిరిగి పెరిగి, వారాల తరబడి ఓడలో నిలబడి వచ్చిన గుర్రానికి మనిషి చేతిలో గంప అంటే ఏమిటో తెలిసి ఉండదు. దానికి మర్యాద నేర్పేది, దాణా పెట్టేది ఊరి మనుషులే. మా పెద్దల్లో ఒకాయన ఆ ఫారంలో గుర్రాలు చూసుకునే పనిలో ఉండేవాడని మా ఇంట్లో చెప్పుకుంటారు.

దక్షిణానికి గుర్రాలు రావడం కంపెనీతో మొదలైనది కాదు. పదమూడో శతాబ్దం చివర్లో వచ్చిన మార్కో పోలో, ఇక్కడి రాజులు హొర్ముజ్, ఏడెన్ లాంటి రేవుల నుంచి ఏటా వేలల్లో గుర్రాలు కొంటారనీ, వాటికి మాంసం, అన్నం ఉడకబెట్టి పెడతారనీ, సరిగ్గా సాకడం తెలియక చాలావరకు చచ్చిపోతాయనీ రాశాడు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాజనీతిలో రేవులను బాగా చూసుకోమనీ, ఏనుగులూ మేలైన గుర్రాలూ తెచ్చే దూరదేశపు వర్తకులను ఆదరించమనీ చెప్పాడు. ఆ గుర్రాలు శత్రువుకు చేరకూడదనేది ఆయన లెక్క. రాయల తరువాత కొన్నేళ్ళకు విజయనగరంలో ఉండి రాసిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్, రాజు ఏటా 13,000 హొర్ముజ్ గుర్రాలు కొంటాడని రాశాడు. ఆయనే ఇంకో లెక్క కూడా ఇచ్చాడు. రాజుగారి గుర్రాలను చూసుకునేవాళ్ళు 1,600 మంది, గుర్రాలకు నడక నేర్పేవాళ్ళు 300 మంది.

ఈ 1,600 మంది పేర్లు ఎక్కడా లేవు. హంపిలో హజార రామాలయం ప్రహరీ గోడ మీద గుర్రాలు వరసగా నడుస్తూ ఉంటాయి, వాటితో నడిచే మనుషులూ ఉంటారు. వేలూరు కోటలో, శ్రీరంగంలో రాతి స్తంభాల మీద ముందుకాళ్ళు లేపిన గుర్రాలను చూడడానికి జనం పోతారు. ఆ గుర్రానికి పొద్దున ఉలవలు ఉడకబెట్టింది ఎవరు, గంప పట్టుకొని లాయంలోకి పోయింది ఎవరు అని అడిగేవాళ్ళు తక్కువ. మా ఇంటి చరిత్ర ఆ వైపు చరిత్ర.

పది మూరలు కుదరని వాళ్ళు

పాత నీతి ఒకటుంది. బండికి ఐదు మూరలు, గుర్రానికి పది మూరలు, ఏనుగుకు వెయ్యి మూరలు దూరంగా ఉండమంటుంది. చెడ్డవాడి సంగతి వస్తే ఊరే వదిలి పొమ్మంటుంది. పది మూరలంటే సుమారు పదిహేను అడుగులు. గుర్రం వెనక కాలు ఎంత చాచినా అంత దూరం అందదు కాబట్టి లెక్క సరిగ్గానే ఉంది. దక్కనీలో ఇంకో సామెత ఉంది: హాకిం ముందుకూ పోవద్దు, గుర్రం వెనక్కూ పోవద్దు.

ఈ మాటలు దారిన పోయేవాళ్ళకు సరిపోతాయి. గుర్రానికి తిండి పెట్టేవాడికి పది మూరల దూరం ఎక్కడిది? వాడు రోజుకు రెండు మూడు సార్లు ఆ పది మూరల లోపలికి పోవాల. అదీ గుర్రం ఆకలితో ఉన్నప్పుడు, చేతిలో గంప ఉన్నప్పుడు.

అందుకే పాతవాళ్ళు లాయం కట్టడంలోనే జాగ్రత్తలు పెట్టారు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుడి గురించి ఒక అధ్యాయం ఉంది. ఒక్కో గుర్రానికి దాని పొడవుకు తగిన చదరపు గది, కింద చెక్క నేల, మేత వేయడానికి వేరే తొట్టి ఉండాలని అందులో చెప్పాడు. ఆడ గుర్రాలను, మగ గుర్రాలను, పిల్లలను వేరు వేరు కొసల్లో ఉంచమన్నాడు. వైద్యంలో అలక్ష్యం వల్ల జబ్బు ముదిరితే, దాన్ని నయం చేయడానికయ్యే ఖర్చుకు రెట్టింపు జరిమానా అన్నాడు. జరిమానా మనిషికే. గుర్రాన్ని తప్పు పట్టే మాట ఆ లెక్కలో లేదు.

సైన్యంలో, సత్రాల్లో గదులు ఉండేవి కావు. అక్కడ గుర్రాన్ని బయలులోనే కట్టేవాళ్ళు. ముందు తాళ్ళను అగాడి అనీ, వెనక కాళ్ళకు కట్టి దూరంగా మేకుకు బిగించే తాళ్ళను పిఛాడి అనీ అనేవాళ్ళు. వరసలో ఒక గుర్రం పక్క గుర్రాన్ని తన్నకుండా, దాణా తెచ్చినవాడి మీదికి తిరగకుండా ఆపేది ఈ పిఛాడి. దాణాను తోబ్రాలో పోసి మూతికి తగిలించేవాళ్ళు. తోబ్రా అంటే గుర్రం మూతికి కట్టే సంచి. అది తగిలిస్తే ఏ గుర్రం దాణా దానిదే, పక్కదాని మీద పడి లాక్కునే పని లేదు. కానీ ఆ సంచి తగిలించే నిమిషంలో మనిషి చెయ్యి గుర్రం పళ్ళ దగ్గరే ఉండాల.

మద్రాసు వైపు దాణా అంటే ఉలవలే. తమిళంలో కొల్లు, కన్నడంలో హురళి. ఉత్తరాన శనగలను నానబెట్టి పెడితే, ఇక్కడ ఉలవలను మెత్తగా ఉడకబెట్టి పెట్టేవాళ్ళు. మనుషులు ఆ ఉడికిన నీళ్ళతో చారు కాచుకునేవాళ్ళు. ఒకే కుండలో పైనీళ్ళు ఇంటికి, అడుగున గుగ్గిళ్ళు గుర్రానికి. ఉలవల మీద బతికిన ఇళ్ళలో ఇది మామూలు. మా ఇంట్లో ఇప్పటికీ ఉలవలు కొలిచిన ఇనుప పడి ఒకటి ఉంది. దాన్ని దూలానికి వేలాడదీసి ఉంచుతారు, పిల్లలకు అందనంత ఎత్తులో. అదెందుకో కూడా మాకు పోయిన దీపావళికే తెలిసింది.

ఆ సాయంత్రం

మా ముత్తాత హోసూరు వదిలి బెంగళూరు దండు ప్రాంతంలో జట్కా తోలినాడు. 1809లో దండు ఏర్పడినాక ఆ చుట్టుపక్కల మొరసునాటి మనుషులకు పని దొరికేది. ఒక గుర్రం, ఒక జట్కా, చూరు కింద లాయం, లాయానికి ఆనుకొనే వంటిల్లు. ముత్తవ్వ పొద్దున గరిక చెక్కుకొచ్చి, మన్ను దులిపి, కట్టలు కట్టేది. సాయంత్రం ఉలవలు ఉడకబెట్టేది.

ఆ గుర్రం మంచి పరుగుది, రంగు తెలుపు. నెత్తి మీద ఒక సుడి ఉండేదంట. కొనేటప్పుడే ఎవరో "ఈ సుడి మంచిది కాదు" అన్నారంట. తక్కువకు వచ్చిందని ముత్తాత కొన్నాడు. పగలంతా జట్కాకు కట్టి ఉండేది, నడుమ నాలుగు పోచల గడ్డి. సాయంత్రం ఇల్లు చేరేసరికి ఆకలి మీద ఉండేది. ఉలవలు ఉడికే వాసన గోడ ఇవతలికి వస్తుంటే కాలితో నేల గీరేది, తలుపు తన్నేది. తలుపు విరుగుతుందని ముత్తవ్వ "ఇదిగో వస్తా ఉండాను" అంటూ గబగబా గంప తీసుకొని పోయేది.

మా పెద్ద తాత, అంటే వాళ్ళ మొదటి కొడుకు, ఏడేళ్ళ పిల్లోడు. వాడికి ఆ గుర్రమంటే ప్రాణం. గుప్పెడు గుగ్గిళ్ళు అరచేతిలో పెట్టి తినిపించేవాడు. అందరూ చూసి ముచ్చటపడేవాళ్ళు. ముత్తాతే నేర్పించినాడు వాడికి.

ఒక సాయంత్రం ముత్తవ్వ పొయ్యి దగ్గర ఉంది. పిల్లోడు పడితో గుగ్గిళ్ళు తీసుకొని లాయంలోకి పోయినాడు. గుర్రం గోడ వైపు మూతి పెట్టి నిలబడి ఉంది. వాడు వెనక నుంచి, దానికీ గోడకూ నడుమ సందులో దూరి ముందుకు పోబోయినాడు. అదే సమయానికి పక్కింటి మేక పడి చప్పుడుకు లోపలికి వచ్చింది. గుర్రం మేకను తన్నబోయి తన్నిందో, పిల్లోడినే తన్నిందో ఎవరూ చూడలేదు. తన్ను కడుపులో తగిలింది. రెండో రోజు పిల్లోడు పోయినాడు.

చిన్నవ్వ అప్పటికి పుట్టలేదు. వాళ్ళమ్మ ఈ కథను జీవితంలో ఒక్కసారే చెప్పిందంట, ఆమెకు మొదటి కాన్పయి పిల్లోడు పుట్టినప్పుడు. "గుగ్గిళ్ళు చేతిలో పెట్టొద్దమ్మా" అని చెప్పడానికి.

ఊరికి చెప్పిన మాట వేరే. జ్వరం వచ్చి పోయినాడని చెప్పినారు. గుర్రం తన్నిందని తెలిస్తే ఆ జట్కా ఎక్కేవాళ్ళు ఉండరు. ఆ గుర్రాన్ని కొనేవాళ్ళూ ఉండరు. ఇంట్లో మిగిలినవాళ్ళకు కూడు పెట్టేది అదొక్కటే. ముత్తాత దాన్ని అమ్మలేదు, కొట్టలేదు. ఇంకా ఆరేడేళ్ళు దానితోనే బతికినారు. ముత్తవ్వ తన కొడుకును చంపిన గుర్రానికి రోజూ ఉలవలు ఉడకబెట్టింది. ఈ మాట చెప్పేటప్పుడు చిన్నవ్వ గొంతు మారలేదు. వింటున్న మాకే కూర్చోడానికి కాలేదు.

సుడి తప్పు కాదు

లోపల లోపల మా ఇంట్లో నిలిచిన కారణం సుడి. మన దేశంలో గుర్రాల శాస్త్రాలన్నిటిలో సుడులకు పెద్ద చోటుంది. శాలిహోత్రుడి పేరు మీద సంస్కృతంలో నడిచిన విద్య తెలుగులోకి కూడా వచ్చింది. మనుమంచి భట్టు రాసిన హయలక్షణ విలాసం గుర్రాల లక్షణాల మీద తెలుగులో వచ్చిన పద్యగ్రంథం. సుడి ఎక్కడుంటే శుభం, ఎక్కడుంటే అశుభం అనేది గుర్రం కొనేవాడు మొదట చూసే సంగతిగా ఉండేది. జట్కావాళ్ళు చదువుకోకపోయినా ఈ లెక్క వాళ్ళకు నోటికొచ్చు.

సుడి మీద నింద వేస్తే ఒక సుఖం ఉంది. మనుషుల తప్పు లేకుండా పోతుంది. మేము కూడా ఆ రాత్రి మొదట అదే మాట అన్నాం. తరువాత చిన్నవ్వ చెప్పినదంతా ఒకటొకటిగా పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకోటి కనబడింది.

గుర్రం కడుపు దాని ఒంటికి చాలా చిన్నది. ఎనిమిది నుంచి పదిహేను లీటర్ల దాకా పడుతుంది, అంతే. స్వేచ్ఛగా తిరిగే గుర్రం రోజులో పదహారు గంటల దాకా కొంచెం కొంచెంగా మేస్తూనే ఉంటుంది. దాని కడుపులో ఆమ్లం తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది. అలాంటి జంతువును పగలంతా జట్కాకు కట్టి సాయంత్రం ఒక్కసారి దాణా పెడితే, ఆ గంటకు అది ఎట్లా ఉంటుంది? కడుపులో మంట ఉంటుంది, పుండ్లు కూడా పడవచ్చు. గుర్రానికి పొగరు అని మనం పేరు పెట్టేది చాలాసార్లు ఆకలి, నొప్పి.

రెండోది, తలుపు తన్నగానే గంప వచ్చేది. గుర్రానికి తెలిసిన లెక్క సులువు: తన్నితే దాణా వస్తుంది. తలుపు పోతుందని తొందరపడిన ముత్తవ్వే రోజూ ఆ పాఠం చెప్పింది, తనకు తెలియకుండా.

మూడోది అరచేతి గుగ్గిళ్ళు. గుర్రం కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి చుట్టూ దాదాపు అంతా కనబడుతుంది. కనబడనివి రెండు చోట్లు: నేరుగా వెనక, నేరుగా మూతి ముందు. మూతి కింద ఏముందో అది చూడలేదు, పెదవులతో, వాసనతో వెతుక్కోవాల. చేతిలో తిండి అలవాటైన గుర్రం చేతినే గంప అనుకుంటుంది. ఈరోజు ముచ్చటగా నాకేది, రేపు లాక్కుంటుంది, ఎల్లుండి కరుస్తుంది.

నాలుగోది, గోడకూ గుర్రానికీ నడుమ సందు. ఐదోది, మేక. తిండి దగ్గర ఇంకో జంతువు వస్తే గుర్రం దాన్ని తరుముతుంది. నడుమ ఎవరున్నారో చూసుకోదు.

ఈ ఐదింటిలో సుడి ఎక్కడా లేదు. దాణా దగ్గర లాక్కోవడం దానికి మేమే నేర్పినాం. ఈ వాక్యం రాయడానికి మాకు కొన్ని నెలలు పట్టింది.

ముత్తాత పెట్టిన కట్టుబాట్లు

పిల్లోడు పోయినాక ముత్తాత లాయాన్ని మార్చినాడు. ఏ కారణానికి ఏ మార్పు అని ఆయన ఎవరికీ విడమరిచి చెప్పలేదంట, చేసినాడు అంతే. చిన్నవ్వ చిన్నప్పుడు చూసిన లాయం ఆ మారిన లాయమే. ఆమె చెప్పినవి చెప్పినట్టు రాసి, ఈనాటి వాళ్ళకు అర్థమయ్యేట్టు పక్కన కారణం చేర్చినాం.

వంటింటి గోడకు కిటికీ కొట్టించి, దాని కింద లోపలి వైపు రాతి తొట్టి పెట్టినాడు. దాణా బయట నుంచే తొట్టిలో పడేది, గంపతో లోపలికి పోయే పని లేదు. దాణా వేళ ప్రమాదాల్లో చాలావాటికి ఈ ఒక్క మార్పు చాలు. మనిషీ గుర్రమూ తిండీ, మూడూ ఒకే గదిలో ఉండకూడదు.

ఉలవలకు ముందు గడ్డి. ఇల్లు చేరగానే నీళ్ళు, తరువాత గరిక కట్ట, అది నమిలినాకే గుగ్గిళ్ళు. కడుపులో కొంత పడినాక గుర్రం గుగ్గిళ్ళ మీద పడి మింగదు. పగలు కూడా జట్కా నిలిచినచోటల్లా గడ్డి వేయడం మొదలుపెట్టినాడంట.

"కాలు ఆగినాకే మూత తియ్యి" అనేది ఆయన మాట. గుర్రం తన్నుతున్నంతసేపూ కుండ మూత తియ్యకూడదు. నాలుగు కాళ్ళూ నేల మీద పెట్టి, చెవులు ముందుకు తిప్పిన నిమిషంలోనే తొట్టిలో పొయ్యాల. ఇది మొదలుపెట్టిన కొత్తలో గుర్రం ఇంకా ఎక్కువ తన్నుతుంది, ఎందుకంటే ఇంతకాలం పనిచేసిన ఉపాయం ఈరోజు ఎందుకు పనిచేయలేదో దానికి అర్థం కాదు. ఆ నాలుగు రోజులు మనసు కరిగి ఒక్కసారి మూత తీస్తే, ఇంకా గట్టిగా తన్నాలని దానికి నేర్పినట్టే. తలుపు గట్టిది కట్టుకొని ఓపిక పట్టాల.

లోపలికి పోక తప్పనప్పుడు ముందు నోటితో పిలవాల. అది తల తిప్పి చూసినాక ఎడమ భుజం వైపు నుంచి పోవాల. వెనక నుంచి గానీ, నేరుగా మూతి ముందుకు గానీ పోరాదు. గోడ మన వీపుకు ఉండకూడదు, తలుపు ఉండాల. చెవులు వెనక్కి అణిగినా, తోక విసిరినా, పిరుదు మన వైపు తిప్పినా, వెనక కాలు ఎత్తి పట్టినా గంప అక్కడే వదిలేసి బయటికి రావాల. నాలుగు ఉలవల కోసం వాదు పెట్టుకోకూడదు. తాడు పట్టుకుంటే చేతికి చుట్టుకోకూడదు, మడిచి పట్టుకోవాల.

పిల్లలు, కుక్కలు, మేకలు దాణా వేళ లాయం గడప దాటకూడదు. పడి దూలానికి పోయింది ఈ కట్టుబాటు వల్లనే. చేతిలో తిండి ఎవరికీ పెట్టకూడదు, గుర్రానికైనా, ఆవుకైనా, బిడ్డకైనా. నేల మీద పెట్టి ఒక అడుగు వెనక్కి. ఇదే మా గుగ్గిళ్ళ ఆనవాయితీ.

ఇంకొకటి చిన్నవ్వ ప్రత్యేకంగా చెప్పింది. తినేటప్పుడు గుర్రాన్ని ఆయన ముట్టుకునేవాడు కాదు. మాలిష్ చేయడం, గిట్టలు చూడడం, జీను సవరించడం అన్నీ తరువాతే. "అది తినేటప్పుడు మనం లేము" అనేవాడంట.

మా అబ్బాయి తోటకు ఇవే మాటలు పంపినాం. వాడికి రెండు గుర్రాలు కాబట్టి ఇంకొన్ని చేర్చినాం. ఇద్దరికీ ఒకచోట దాణా వద్దు, నాలుగైదు గుర్రాల పొడవు ఎడంలో వేరు వేరు తొట్లు పెట్టు. పెత్తనం చేసేదానికి ముందు వెయ్యి, లేకపోతే అది రెండోదాని మీదికి పోయే దారిలో నువ్వు ఉంటావు. రెండింటి నడుమ గంపతో ఎప్పుడూ నడవద్దు. కంచె బయట నుంచే పోయి. పశువైద్యుడిని పిలిపించి పళ్ళు, కడుపు చూపించు. నొప్పి ఉన్న గుర్రానికి మర్యాద నేర్పలేం. దాణా ఒక్కసారిగా మార్చొద్దు, కడుపునొప్పి వస్తుంది. పాపకు గుర్రమంటే ఇష్టం కాబట్టి పూర్తిగా దూరం పెట్టొద్దు, దాణా అయిన గంట తరువాత, కట్టిన గుర్రం భుజం దగ్గర, నీ పక్కన నిలబెట్టి దువ్వెన చేతికియ్యి.

మూడు వారాలకు వాడి జవాబు వచ్చింది. మొదటి వారం తలుపు పలక ఒకటి విరగ్గొట్టిందంట. రెండో వారం గీరడం తగ్గింది. డాక్టరు చూస్తే వెనక పన్ను ఒకటి మొనతేలి చెంపకు గుచ్చుకుంటా ఉండింది, దాన్ని రాపిడి పెట్టినారు. ఇప్పుడు గంప చప్పుడుకు చెవులు ముందుకే తిప్పుతుంది. ఇంకా నమ్మలేదని, కిటికీ తొట్టి మాత్రం తియ్యబోనని రాసినాడు. మేమూ తియ్యొద్దనే చెప్పినాం. గుర్రం మంచిదైనా దాణా వేళ అది గుర్రమే.

ఒక గీత

మా ఇంటి వంశవృక్షాన్ని మీలో చాలామంది చూసినారు. అందులో ముత్తాత, ముత్తవ్వ కింద నలుగురు పిల్లలను వేసి ఉన్నాం. పదేళ్ళ కిందట ఆ పటం గీసినప్పుడు చిన్నవ్వ దగ్గరే కూర్చొని రాసుకున్నాం. అప్పుడు ఆమె ఐదో పేరు చెప్పలేదు, మేము అడగలేదు. ఈసారి "ఇంకో గీత గీయండి రా, అందరికంటే ముందర" అనింది. వాడి పేరు ఆమెకు తెలుసు. మా తాతకు పెట్టింది అదే పేరు. పోయిన బిడ్డ పేరును తరువాత పుట్టినవాడికి పెట్టినారు. మా తాత బతికినన్నాళ్ళూ ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. ఆయనకు తెలుసో లేదో కూడా ఇప్పుడు అడగడానికి ఆయన లేడు.

గీత గీసినాం. కొత్త పటం వచ్చే ఉగాదికి అందరికీ పంపుతాం. ఆ పండుగకు గుగ్గిళ్ళు ఎప్పటిలాగే ఆకుల్లో పోసి నేల మీద పెడతాం, పెట్టి ఒక అడుగు వెనక్కి వేస్తాం. పిల్లలు ఎందుకని అడిగితే ఈసారి చెప్పాల. దండు ప్రాంతంలో జట్కాలు తోలిన మన బంధువుల ఇళ్ళల్లో ఇలాంటి కట్టుబాట్లు, లాయం సామాన్లు, పాత మాటలు ఇంకా ఉంటే మాకు రాయండి. పెద్దవాళ్ళు ఉండగానే అడగండి.